డ్రమ్మర్‌కి సోలో వద్దు: ఒక జాజ్-ఫంక్ బృందం పరిచయాల కేస్ స్టడీ

ఇది పేర్ల గురించిన కేసు: స్టేజి మీద బృందంలో ఒక్కొక్కరినీ జనానికి ఎలా పరిచయం చేయాలన్నది. అయినా ఆ బృందంలో ఒక్కరి పేరూ ఇందులో ఉండదు. ఊళ్లు, క్లబ్బులు వదిలేశాను, గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. వాద్యం పేరే మనిషి పేరనుకుని చదవండి.

లైవ్ సౌండ్ నేర్చుకుంటున్న మన కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "స్టేజి మీద మాట వినపడకపోతే ఏం తిప్పాలి?" ఈ కేసు రాస్తున్నది వాళ్ల కోసమే. ఇక్కడ కన్సోల్ (శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ బల్ల) మీద తిప్పితే సరిపోయింది కొంతే. మిగతాదంతా పాట కూర్పులోనూ మనుషుల మధ్యలోనూ ఉంది.

నేపథ్యం

నేను అమెరికా తూర్పు తీరంలో లైవ్ సౌండ్ ఇంజినీర్‌ని. హాల్లో ప్రేక్షకుల మధ్య కన్సోల్ పెట్టుకుని వాళ్లకి వినిపించే మిక్స్ చూసుకుంటాను. ఈ బృందంతో కొన్ని సీజన్లు పనిచేశాను. లీడర్ టెనర్ శాక్సఫోన్ వాయిస్తాడు. అరవై దాటిన మనిషి, బృందం నడిచేది ఆయన పేరు మీదే. ఆయన కాక ఎనిమిది మంది: ట్రంపెట్, ట్రాంబోన్, కీబోర్డ్, గిటార్, బాస్, డ్రమ్స్, కాంగాలు (చేత్తో వాయించే పొడుగాటి డ్రమ్ములు), ఒక గాయని.

ఈ ఎనిమిది మందీ ఒకే చోటి నుంచి వచ్చినవాళ్లు కాదు. ట్రంపెట్, ట్రాంబోన్, కీబోర్డ్ వాయించేవాళ్లు కాలేజీలో జాజ్ చదువుకున్నారు. డ్రమ్మర్, బాసిస్ట్ నల్లజాతి చర్చిల్లో చిన్నప్పటి నుంచి గాస్పెల్ భక్తిగీతాలకి వాయిస్తూ పెరిగి ఫంక్‌లోకి వచ్చారు. గిటారిస్ట్‌దీ దాదాపు అదే దారి. కాంగాల ఆయన లాటిన్ బ్యాండ్ల నుంచి వచ్చాడు. లీడర్‌కి జాజ్, ఫంక్ రెండు లోకాలూ తెలుసు. అందుకే ఆయన సంగీతంలో ఆ రెండూ కలుస్తాయి, అందుకే ఈ సమస్యా వచ్చింది.

పరిచయం అనే పనిని జాజ్ ఒకలా చేస్తుంది, ఫంక్ ఇంకోలా చేస్తుంది. ఈ తేడా పట్టుబడకపోతే మిగతా కేసు అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

జాజ్‌లో పాటకి ఒక చట్రం ఉంటుంది. బ్లూస్ అయితే 12 బార్లు (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది), పాత పాటల్లో ఎక్కువ భాగం 32 బార్లు. ఆ చట్రం ఒకసారి తిరిగితే ఒక కోరస్. సోలో వాయించేవాళ్లు రెండు కోరస్‌లో మూడు కోరస్‌లో తీసుకుంటారు. అయిపోయిందని వినేవాళ్లకి తెలుస్తుంది, చప్పట్లు పడతాయి, ఆ తర్వాత లీడర్ పేరు చెప్తాడు. అంటే ముందు సంగీతం, తర్వాత పేరు. 1956 జులై 7న న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్లో పాల్ గొన్సాల్వెస్ టెనర్ మీద వరసగా 27 కోరస్‌లు వాయించి జనాన్ని కుర్చీల మీంచి లేపేశాక, బృందం నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ మైకులో అతని పేరు మళ్లీ మళ్లీ అరిచాడు. అప్పటికి ఆ పేరు ఎవరిదో ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు. (సౌండ్ వాళ్లకి ఇందులో ఇంకో కథ ఉంది. గొన్సాల్వెస్ ఆ రాత్రి కొలంబియా కంపెనీ రికార్డింగ్ మైకు వదిలేసి పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి వాయించాడు. ఆ రెండో టేపు 1990లలో దొరికేదాకా ఆ సోలో దూరం నుంచి వస్తున్నట్టే ఉండేది.)

ఫంక్‌లో పేరు ముందు వస్తుంది, అదీ ప్రేక్షకుల కోసం కాదు. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ "మేసియో" అని పిలిస్తే శాక్సఫోన్ వాయించే మేసియో పార్కర్ సోలో అందుకోవాలి. అది ఆజ్ఞ. 1967 నాటి 'కోల్డ్ స్వెట్' రికార్డింగులో ఇది స్పష్టంగా వినపడుతుంది: మేసియోని పేరు పెట్టి పిలుస్తాడు, తర్వాత డ్రమ్మర్‌కి కాస్త చోటివ్వమంటాడు. గ్రూవ్ (తలాడించే ఆ లయ నడక) ఆగదు, చట్రం లేదు, ఒకటి రెండు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మీద అదే పనిగా తిరుగుతుంటుంది. దాన్నే వ్యాంప్ అంటారు. పేరు ఆ తిరిగేదాని లోపలే పడుతుంది. జనం ఆ పేరుని పక్కనుంచి విని నేర్చుకుంటారు.

మన కర్ణాటక కచేరీది మూడో పద్ధతి. మొదట్లోనే వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని చదువుతారు. అక్కడది సరిపోతుంది, ఎందుకంటే వచ్చిన రసికుల్లో చాలామంది మృదంగం ఎవరిదో చూసుకునే బయల్దేరతారు.

సమస్య

లీడర్ నా దగ్గరికి తెచ్చింది చిన్న ఫిర్యాదు. "నేను పేర్లు చెప్తుంటే వెనకవాళ్లకి వినపడట్లేదట. మైకు చూడు."

ఆఖరి పాటలో పరిచయాలు ఉండేవి. పాట చివర వ్యాంప్ మొదలవుతుంది, నిమిషానికి 96 బీట్ల వేగం. లీడర్ ఒక్కొక్కరి పేరూ చెప్పి, ఒక జోక్ వేసి సోలో ఇస్తాడు. ఒక్కొక్కరికి 16 బార్లు అని లెక్క. ఆ వేగంలో నాలుగు బీట్ల బార్ రెండున్నర సెకన్లు, కాబట్టి 16 బార్లు 40 సెకన్లు, ఎనిమిది మందికి ఐదు నిమిషాల ఇరవై సెకన్లు. కాగితం మీద బానే ఉంది. స్టేజి మీద మాత్రం హార్న్‌ల (ట్రంపెట్, ట్రాంబోన్) వాళ్లు 32కి తక్కువ ఆగేవాళ్లు కాదు. వాళ్లు 32 తీసుకున్నాక గిటార్ 16కి ఎందుకు ఆగుతుంది? అందరూ 32 తీసుకుంటే అదే పది నిమిషాల నలభై సెకన్లు, జోకులు అదనం.

ఇందులో వాళ్ల క్రమశిక్షణని తప్పుపట్టడానికేం లేదు. కోరస్ ఉన్న పాటలో చివర ఎక్కడుందో వాయించేవాళ్లకీ వినేవాళ్లకీ ముందే తెలుస్తుంది. వ్యాంప్‌లో చివరనేదే లేదు. జాజ్ చదివిన మనిషిని వ్యాంప్ మీద వదిలితే కథ ముగిసిందని తనకి తోచేదాకా వాయిస్తాడు, అలా వాయించడమే నేర్చుకున్నాడు మరి.

నాలుగో పేరు వచ్చేసరికి జనం కదిలేవాళ్లు. మన సభల్లో వందన సమర్పణ అనగానే కుర్చీలు ఎలా చప్పుడవుతాయో అలా. ఆరో ఏడో వంతుకి వచ్చే బాసిస్ట్‌కి, చివర వచ్చే డ్రమ్మర్‌కి తలుపు వైపు తిరిగిన వీపులే దక్కేవి.

మైకు ముట్టుకునే ముందు రెండు పనులు చేశాను. మొదటిది, కన్సోల్ నుంచి తీసిన రికార్డింగుతో పాటు హాలు చివర గోడ దగ్గర ఒక చిన్న రికార్డర్ పెట్టాను. కన్సోల్ రికార్డింగులో ప్రతి పేరూ స్పష్టంగా ఉంది. గోడ దగ్గర దాంట్లో పేర్లలో అచ్చులు మాత్రమే ఉన్నాయి, హల్లులు పోయాయి. అంటే మైకు పేరుని పట్టుకుంటోంది, హాలు దాన్ని మింగేస్తోంది. రెండోది, బయట టీషర్టులు, రికార్డులు అమ్మే టేబుల్ దగ్గరున్న అమ్మాయిని అడిగాను, జనం ఏం అడుగుతుంటారని. "ఆ డ్రమ్మర్ ఎవరు అని అడుగుతారు" అంది. పది నిమిషాల క్రితమే పేరు చెప్పి సోలో ఇచ్చి పరిచయం చేసిన మనిషి గురించి!

ఈ రెండో సమాధానమే నన్ను ఆలోచనలో పడేసింది. పేరు వినపడకపోవడం ఒక సమస్య. పరిచయం సాగిపోవడం ఇంకోటి. మూడోది, పేరు విన్నవాళ్లకి కూడా అది తాము విన్న సంగీతంతో అతుక్కోకపోవడం. లీడర్ చెప్పింది మొదటిదే. దాన్నొక్కదాన్నే బాగుచేస్తే మిగతా రెండూ అలాగే ఉంటాయని తెలుసు, అయినా అక్కడి నుంచే మొదలుపెట్టాను. అడిగింది అది కాబట్టి, అది చేసి చూపించకపోతే పాట కూర్పులో మార్పులు చెప్పే చనువు సౌండ్ వాడికి ఉండదు కాబట్టి.

చేసి చూసినవి

లీడర్ మాట్లాడేది శాక్సఫోన్ గొట్టానికి తగిలించిన క్లిప్ మైకులోకి, అదీ అడుగున్నర దూరం నుంచి. దాని మీద శాక్సఫోన్ కోసం పెట్టిన రివర్బ్ (ప్రతిధ్వని) ఉంటుంది. పైగా సోలో ముగించి, ఆయాసంతో. అందుకని మాటలకి విడిగా ఒక మామూలు డైనమిక్ మైకు స్టాండుకి పెట్టించాను. రివర్బ్ లేకుండా, కింది గరగర కోసేసి, హల్లులుండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త ఎత్తి. పెద్ద ఆడిటోరియంలో తేడా వెంటనే తెలిసింది, క్లబ్బుల్లో పెద్దగా లేదు. స్నేర్ డ్రమ్ దెబ్బ, ట్రంపెట్ మెరుపూ ఎక్కువగా ఉండేది కూడా ఆ 2, 4 మధ్యనే.

తర్వాత డకింగ్ పెట్టి చూశాం. మాట మైకులోకి శబ్దం రాగానే బ్యాండ్ మొత్తాన్ని కంప్రెసర్ అనే పరికరం తనంతట తానే తగ్గించే ఏర్పాటు అది, రేడియోలో అనౌన్సర్ మాట్లాడగానే పాట తగ్గినట్టు. రెండు కారణాలతో తీసేశాను. లీడర్ మాట్లాడనప్పుడు కూడా స్నేర్ ఆ మైకులోకి దూరి కంప్రెసర్‌ని లేపేది, ప్రతి దెబ్బకీ బ్యాండ్ కుంగి లేచేది. అది సర్దుకునేలా థ్రెషోల్డ్ (ఎంత శబ్దానికి కంప్రెసర్ లేవాలన్న హద్దు) పెంచితే ఆయన మెల్లగా అన్న పేర్లు దాటిపోయేవి. రెండో కారణం ఇంకా ముఖ్యం: అది బాగా పనిచేసినప్పుడు కూడా వినడానికి బాలేదు. పేరు వచ్చే క్షణంలో జనంలో హుషారు పెరగాలి. బ్యాండ్ కుంగితే ఆ హుషారూ కుంగుతుంది.

సరే, చేత్తోనే ఫేడర్లు (కన్సోల్ మీద శబ్దం పెంచి తగ్గించే మీటలు) తగ్గిద్దాం అనుకున్నాను. బ్యాండ్ మొత్తాన్నీ ఒక గ్రూపులో పెట్టి, పేరు వచ్చే ముందు ఆరు డెసిబెల్స్ దించి, వెంటనే ఎత్తడం. ఆడిటోరియంలో, ఆరుబయట ఇది హాయిగా నడిచింది. తక్కువ ఎత్తు కప్పు ఉన్న క్లబ్బులో అసలు నడవలేదు. అక్కడ డ్రమ్స్, హార్న్‌లు స్పీకర్ల దాకా రానక్కర్లేదు, స్టేజి మీంచి నేరుగానే చెవిని కొడతాయి. ఫేడర్ పూర్తిగా దించేసినా స్నేర్ అంతే ఉంటుంది. గోడ దగ్గర రికార్డింగు చెప్పిన సంగతి కూడా ఇదే. ఇక్కడితో నా కన్సోల్ చేయగలిగింది అయిపోయింది. చిన్న గదిలో బ్యాండ్‌ని తగ్గించగలిగింది బ్యాండే.

లీడర్‌కి ఇదే చెప్పాను. ఆయనకి నచ్చలేదు. "వాళ్లని మెల్లగా వాయించమంటే చప్పగా వాయిస్తారు" అన్నాడు. అనుభవం మీద అన్న మాట, చాలావరకు నిజం కూడా.

అప్పుడు మేనేజర్ ఇంకో దారి తెచ్చాడు: పరిచయాలు మొదట్లోనే క్లబ్బు అనౌన్సర్ చేత చదివించేద్దాం. కచేరీ పద్ధతి. రెండు మూడు చోట్ల చేశాం. పేర్లన్నీ చక్కగా వినిపించాయి, ఎవరికీ గుర్తుండలేదు. ఇంకా ఒక్క స్వరం వినని జనానికి ఎనిమిది పేర్లు ఉత్త జాబితానే. పైగా అనౌన్సర్లు కాంగాల ఆయన స్పానిష్ పేరుని చోటుకో రకంగా విరిచేవాళ్లు. జాజ్‌లో ఈ బాధ పాతదే. న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో పీ వీ మార్కెట్ (Marquette) అనే అనౌన్సర్ ఉండేవాడు. 1954లో డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం అక్కడ చేసిన రికార్డులో అతని గొంతు ఇప్పటికీ వినొచ్చు. తనకి టిప్పు ఇవ్వని వాద్యకారుల పేర్లు కావాలనే తప్పుగా పలికేవాడని అప్పటివాళ్లు కథలు కథలుగా చెప్పుకున్నారు. మా అనౌన్సర్ల తప్పులు అలాంటివి కావు, తొందర వల్ల వచ్చినవి. కాంగాల ఆయనకి మాత్రం అవి కావాలని చేసినట్టే తగిలాయి.

సోలోలు నాలుగు బార్లకి కుదించడం కూడా చూశాం. పది సెకన్లు. గిటారిస్ట్ ఆ పది సెకన్లలో నవ్వించేవాడు, ఏడిపించేవాడు. ట్రాంబోన్ ఆమె మాత్రం ఊపిరి తీసుకుని మొదటి వాక్యం అనేలోపే అయిపోయేది. ఆమె మూడో రోజుకి సోలోయే మానేసి, చెయ్యెత్తి నమస్కారం పెట్టి ఊరుకుంది.

తెర మీద పేర్లు వేద్దామని ఎవరో అన్నారు. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1980ల చివర్లో మాట్లాడకుండా, పేర్లు రాసిన అట్టలు ఎత్తి చూపించి పరిచయం చేసేవాడని నేనే గుర్తుచేశాను. లీడర్ ఒప్పుకోలేదు. "ఆయన మౌనానికి అంత ధర ఉంది. నేను అట్ట ఎత్తితే గొంతు పోయిందనుకుంటారు" అన్నాడు. వాదించలేదు. ఈయన మాట్లాడితే జనానికి ఇష్టం. బృందానికున్న ఆస్తుల్లో అదొకటి, దాన్ని తీసేసే పరిష్కారం పరిష్కారం కాదు.

డ్రమ్మర్ చెప్పింది

ఒక సాయంత్రం సౌండ్‌చెక్‌లో డ్రమ్స్ వంతు వచ్చింది. ముందు ఒక్కో డ్రమ్ విడిగా కొట్టిస్తాం, తర్వాత అన్నీ కలిపి వాయించమంటాం. అతను ఆఖరి పాట గ్రూవ్ మొదలుపెట్టాడు. ఒక్క డ్రమ్స్, అలంకారాలేం లేవు. కౌంటర్ వెనక గ్లాసులు తుడుస్తున్న అబ్బాయి తలూపడం మొదలుపెట్టాడు. కేబుళ్లు చుడుతున్న కుర్రాడూ అంతే. రాత్రి అదే మనిషి సోలో వాయిస్తే వీళ్లెవరూ తలెత్తి చూసేవాళ్లు కాదు.

తర్వాత అతన్నే అడిగాను, సోలో అంటే ఎందుకంత ముభావంగా వాయిస్తావని. "అది నా పని కాదు. నా పని ఇంకొకళ్లు వాయిస్తున్నప్పుడు ఉంటుంది. ఆయన సోలో అనగానే నేను నా పని ఆపేసి, ఎవరో జాజ్ డ్రమ్మర్‌లాగా నటించాలి. అప్పుడు జనానికి పరిచయమయ్యేది నేను కాదు" అన్నాడు. బాసిస్ట్ పక్కనే ఉన్నాడు, తనదీ అదే మాటన్నాడు.

నాకు ఇక్కడ 1969 చివర్లో సిన్సినాటిలో రికార్డయిన 'ఫంకీ డ్రమ్మర్' గుర్తొచ్చింది. జేమ్స్ బ్రౌన్ అందులో డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌కి చోటిస్తాడు, ఇచ్చేముందు సోలో వాయించొద్దని, ఉన్నదాన్నే అలా పట్టుకుని ఉండమని చెప్తాడు. మిగతావాళ్లు ఆగిపోతారు, డ్రమ్స్ మాత్రం అదే వాయిస్తుంటాయి, ఎనిమిది బార్లు. ఆ ఎనిమిది బార్లే తర్వాత లెక్కలేనన్ని హిప్‌హాప్ పాటలకి పునాది అయ్యాయి. (స్టబుల్‌ఫీల్డ్‌కి దాని మీద డబ్బు పెద్దగా రాలేదు. డ్రమ్స్ వాయించినవాడిని రచయితగా లెక్కేయలేదు.)

దీంతో ప్రశ్న మారింది. అప్పటిదాకా "అందరికీ సమానంగా సోలో ఎలా ఇవ్వాలి" అని తిప్పలు పడుతున్నాం. కానీ సోలో జాజ్ వాళ్ల పరిచయ పద్ధతి. దాన్ని ఫంక్ వ్యాంప్ మీద పెట్టి, ఫంక్ వాళ్లతో కూడా చేయిస్తున్నాం. వ్యాంప్ మీద సోలో ఎప్పుడు ఆపాలో హార్న్‌ల వాళ్లకి తెలియట్లేదు, సోలోలో ఏం వాయించాలో డ్రమ్మర్‌కి తెలియట్లేదు. సమానత్వం పేరుతో ఎవరినీ సరిగ్గా పరిచయం చేయట్లేదు.

పనిచేసింది

లీడర్ దగ్గర పెట్టిన ప్రతిపాదన ఇది: పరిచయాన్ని రెండుగా విడగొడదాం. ఊదే వాళ్లని కచేరీ మధ్యలో, జాజ్ పద్ధతిలో. లయ వాద్యాల వాళ్లని (డ్రమ్స్, బాస్, కాంగాలతో పాటు గిటార్, కీబోర్డ్ కూడా) చివర్లో, ఫంక్ పద్ధతిలో, సోలో లేకుండా.

ఊదే వాళ్లది సులువైంది. కచేరీ మధ్యలో ఎలాగూ ఒక బ్లూస్ ఉండేది. ట్రంపెట్‌కి మూడు కోరస్‌లు, ట్రాంబోన్‌కి మూడు. సోలో అయ్యాక లీడర్ పేరు చెప్తాడు. ఎప్పుడు చెప్పాలి అన్నది కాస్త చూసుకోవాల్సి వచ్చింది. చప్పట్లు మొదలైన వెంటనే చెప్తే వాటిలో కలిసిపోతుంది. అవి దిగుతున్నప్పుడు చెప్తే పేరు వినిపిస్తుంది, చప్పట్లు రెండోసారి లేస్తాయి. లీడర్‌కి ఇది ఒకసారి చెప్తే చాలు, ఆ మర్నాటి నుంచి ఆయన ఆ దిగే క్షణాన్ని నాకంటే బాగా పట్టుకున్నాడు. మాట వరస కూడా మార్చాం: వాద్యం ముందు, పేరు ఆఖర్న. పేరు మొదట వస్తే జనం అక్కడే అరుస్తారు, తర్వాత మాటలు ఎవరికీ అందవు.

గాయనికి ఏ చిక్కూ లేదు, ఆమె మొదటి పాట అవగానే పేరు చెప్తే సరిపోయింది.

చివరి పాటలో పాత వ్యాంప్‌ని తిరగేశాం. ఇంతకుముందు అందరూ వాయిస్తుండగా ఒకరి పేరు పైన పడేది. ఇప్పుడు లీడర్ చెయ్యి దించగానే అందరూ ఒకేసారి ఆగుతారు, డ్రమ్స్ మాత్రం అదే గ్రూవ్ మీద నడుస్తాయి. 16 బార్లు, అంటే 40 సెకన్లు. అందులో రెండో సగంలో లీడర్ డ్రమ్మర్ పేరు చెప్తాడు. ఆ తర్వాత ఒక్కో పేరుకీ ఒక్కో వాద్యం లోపలికి వస్తుంది: బాస్, కాంగాలు, గిటార్, కీబోర్డ్. ఒక్కొక్కరికి ఎనిమిది బార్లు, ఇరవై సెకన్లు. మొత్తం రెండు నిమిషాలు. ఎవరూ సోలో వాయించరు, ఎవరి పని వాళ్లు మొదలుపెడతారు. బాస్ వచ్చి పడిన క్షణంలో నేల కదిలినట్టుంటుంది. అంతసేపూ తాము విన్న గ్రూవ్‌లో ఏది ఎవరిదో జనానికి విడివిడిగా తెలుస్తుంది. పేరు ఆ శబ్దానికి అతుక్కుంటుంది.

ఈ వరస ఊరికే పెట్టింది కాదు. సౌండ్ లెక్కలో కూడా ఇదే సరైంది. మొదటి పేరు ఒక్క డ్రమ్స్ మీద, రెండోది కూడా పలచని శబ్దం మీదే పడుతుంది. గిటార్, కీబోర్డ్ పేర్లు వచ్చేసరికి శబ్దం చిక్కబడుతుంది, అందుకని ఆ రెండు పేర్లకి ముందు బ్యాండ్ ఒక బార్ ఆగేలా కూర్చాం. రెండున్నర సెకన్ల నిశ్శబ్దం, పేరు అందులో పడుతుంది, తర్వాతి బార్ మొదటి బీట్ మీద అందరూ మళ్లీ దిగుతారు. లీడర్ భయపడినట్టు చప్పబడలేదు. మెల్లగా వాయించడం వేరు, అందరూ కలిసి ఆగడం వేరు. కలిసి ఆగితే గదిలో ఊపు పెరుగుతుంది. పైగా ఎంత చిన్న క్లబ్బయినా నిశ్శబ్దంలో హల్లులు పోవు. కంప్రెసర్‌తో, ఫేడర్‌తో సాధించలేనిది ఒక్క బార్ విరామంతో అయిపోయింది. నేను ఇప్పుడు ఆ భాగంలో మాట మైకు తప్ప దేన్నీ ముట్టుకోను.

ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు దిగాలి అన్నది చేతి సైగల మీద నడిచింది. ముందు బార్లు లెక్కపెట్టుకుందాం అన్నారు, కానీ లీడర్ మాటల్లో పడితే ఎనిమిది పదకొండు అవుతుంది. అందుకని లెక్క వదిలేసి, లీడర్ పిడికిలి బిగిస్తే తర్వాతి బార్ ఖాళీ అని ఒప్పుకున్నారు. జేమ్స్ బ్రౌన్ కూడా స్టేజి మీద సైగలతోనే నడిపేవాడు, తప్పు వాయించినవాడికి ఎంత జరిమానా అన్నది కూడా వేళ్లతోనే చూపించేవాడు. మా లీడర్ జరిమానాల జోలికి పోలేదు.

జోకులు పోయాయి. తీసేయమని ఎవరూ అనలేదు, వాటికి చోటే లేదు. బాసిస్ట్‌కి దీనంత సంతోషం ఇంకేదీ కాదు. తన బరువు మీద ఒకే జోకు ఏళ్ల తరబడి ప్రతి ఊళ్లోనూ వింటున్నాడు మరి.

టీషర్టుల టేబుల్ అమ్మాయిని మళ్లీ అడిగాను. "ఇప్పుడు పేరు పెట్టి అడుగుతున్నారు, ఆయన వేరే రికార్డుల్లో వాయించాడా అని" అంది. గోడ దగ్గర రికార్డర్లో కూడా పేర్లు హల్లులతో సహా ఉన్నాయి. జనం కదలడం పూర్తిగా ఆగలేదు, పార్కింగ్ గొడవ ఏ సంగీతమూ తీర్చలేదు. కానీ డ్రమ్స్ ఒక్కటే మిగిలినప్పుడు తలుపు దాకా వెళ్లినవాళ్లు కూడా వెనక్కి తిరిగి నిలబడేవాళ్లు.

ఇంకోచోట వాడేవాళ్లకి

ఈ రెండు ముక్కల పద్ధతిని అలాగే ఎత్తి ఇంకో బృందానికి పెట్టకండి. ముగ్గురున్న జాజ్ ట్రయోకి ఇదంతా అక్కర్లేదు, పాట అయ్యాక పేర్లు చెప్తే చాలు. అందరూ ఒకే సంప్రదాయం నుంచి వచ్చిన బృందంలో విడగొట్టాల్సిన పని లేదు. ముందు చూడాల్సింది: ఈ మనిషి పనితనం వినేవాళ్లకి ఎక్కడ తెలుస్తుంది? కొందరిది ఒంటరిగా వాయించినప్పుడు, కొందరిది ఇంకొకళ్ల కింద వాయించినప్పుడు. కాంగాల ఆయనది రెండూ కాదు. అతను లేనప్పుడు తెలుస్తుంది. అందుకే అతని పేరు చెప్పాక బాస్, డ్రమ్స్ మీద అతను చేరిన ఎనిమిది బార్లలో మధ్యన ఒక బార్ చేతులు ఎత్తేస్తాడు. ఆ ఖాళీ అతనే కనిపెట్టాడు.

ఫెస్టివల్స్‌లో 45 నిమిషాలే ఇస్తారు. అప్పుడు ఏది కోయాలి అని మేనేజర్ అడిగితే, బ్లూస్‌లో కోరస్‌లు మూడు నుంచి రెండుకి తగ్గించమన్నాను, చివరి రెండు నిమిషాలు ముట్టుకోవద్దన్నాను. కోరస్‌కి చట్రం ఉంది, తగ్గించినా కథ చెదరదు. చివరి భాగంలో ఎవరిది తగ్గించినా మెట్టు ఒకటి విరిగినట్టే.

సబ్‌ల సంగతి వేరు. రెగ్యులర్ వాద్యకారుడు రాలేనప్పుడు ఆ రోజుకి వచ్చేవాళ్లు వీళ్లు. లీడర్ వాళ్ల పేర్లు మర్చిపోయేవాడు, గుర్తున్నా తప్పు పలికేవాడు. కాగితం మీద రాసిస్తే చీకట్లో కనపడేది కాదు. ఇప్పుడు సౌండ్‌చెక్‌లో సబ్ మైకు పరీక్షించేటప్పుడు "వన్ టూ" బదులు తన పూర్తి పేరు చెప్పమంటాను, నాలుగైదు సార్లు. నాకు లెవెల్ దొరుకుతుంది, లీడర్‌కి మానిటర్లో (స్టేజి మీది వాళ్లకి వినిపించే స్పీకర్లో) ఆ పేరు ఆ మనిషి నోటి నుంచే వినపడుతుంది. కాంగాల ఆయన చేత కూడా ఇలాగే చెప్పించాను, అతను సబ్ కాకపోయినా. లీడర్ ఆయన పేరు సరిగ్గా పలకడం ఆ వారం నుంచే.

లీడర్ పేరు ఎవరు చెప్పాలన్నది ఎవరూ ముందు ఆలోచించలేదు. పోస్టర్ మీద ఉంది కదా అనుకున్నారు. కానీ నిలబడి వినే క్లబ్బుల్లో సగం మంది మధ్యలో వస్తారు, వాళ్లకి పోస్టర్ గుర్తుండదు. ఆయనే ఇంతకుముందు చివర్లో తన పేరు తను చెప్పుకునేవాడు, నవ్వుతూనే అయినా కాస్త ఇబ్బందిగా. ఇప్పుడు కీబోర్డ్ చేరాక ఇంకో ఖాళీ బార్ ఉంటుంది, అందులో గాయని ఆయన పేరు చెప్తుంది, ఆయన శాక్సఫోన్ అందుకుంటాడు.

తేలనిది ఒకటుంది. కీబోర్డ్ ఆమె జాజ్ మనిషి. చివరి గ్రూవ్‌లో ఆమె వాయించేది రెండు స్వరాల ముక్క. దాంతో నన్ను పరిచయం చేస్తే ఎలా అంది, న్యాయమే. అందుకని కచేరీ మధ్యలో ఆమె పియానో సోలో తర్వాత కూడా పేరు చెప్పడం మొదలైంది. చివర్లో తీసేద్దామంటే అక్కడ నలుగురికి పేరుండి ఐదో మనిషికి లేకపోవడం బాలేదు. కాబట్టి ఆమె పేరు రెండుసార్లు వస్తోంది. ట్రంపెట్ అతను దీన్ని లెక్కపెట్టాడు. చివరి హోరు ఎలాగూ హార్న్‌లకి దక్కట్లేదు, ఆ పైన ఆమెకి రెండుసార్లా అన్నాడు. ఆఖరి కార్డ్ మోగుతుండగా హార్న్‌ల ఇద్దరి పేర్లూ లీడర్ గట్టిగా అరిచేలా సర్దుబాటు చేశారు. ఆ హోరులో అవి ఎవరికీ వినపడవు. ట్రంపెట్ అతనికి ఆ సంగతి తెలుసు, గోడ దగ్గర రికార్డింగు నేనే వినిపించాను. అయినా అలాగే ఉంచమన్నాడు.